ముందు పాడు... తర్వాత మీటు!

లీడ్ గిటార్‌కు వేగం కన్నా గొంతు ముఖ్యం
చాళ్ల కుర్రాళ్ల చేతుల్లో తాతల నాటి పాట

వర్లి బీడీడీ చాల్‌లో ఒక గది అంటే 160 చదరపు అడుగులు. అందులోనే వంట, అందులోనే పడక, పిల్లల చదువులూ అందులోనే. అలాంటి గదిలో ఓ కుర్రాడు గిటార్ పట్టుకుని కూర్చున్నాడనుకోండి. ఇంట్లోవాళ్లే కాదు, వరండా పొడవునా ఉన్న ఇరుగుపొరుగు అంతా వినాల్సిందే! గోలగోలగా వాయిస్తే ‘ఏందిరా ఆ లొల్లి... బంద్ చెయ్’ అని పక్క గదిలోంచి కేక పడుతుంది. అదే, బాపమ్మ కూనిరాగం తీసే పాటను తీగ మీద పలికిస్తే... పోపు వేస్తున్న అమ్మ చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగుతుంది. లీడ్ గిటార్ విద్యకు అసలు పరీక్ష ఇదే. ఎన్ని స్వరాలు వాయించామన్నది కాదు, విన్నవాళ్లు చేతిలో పని ఆపారా లేదా అన్నదే లెక్క.

కామాటిపుర పేరులోనే మనవాళ్లున్నారు. నిజాం ఇలాకా పల్లెల నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో కూలి చేసిన కామాటీల పేరే ఆ పేటకు స్థిరపడిపోయింది. ఆ తర్వాత కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు ఎందరో బట్టల మిల్లుల బాట పట్టి వర్లి చుట్టుపక్కల చాళ్లలో కాపురాలు పెట్టారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె ఆ ఇళ్లను కుదిపేసింది. ఉద్యోగాలు పోయాయి, ఊళ్లకు రాకపోకలు తగ్గాయి. అయినా మనవాళ్లు పాటను వదల్లేదు. బతుకమ్మ పాట, భజన పాట, పెళ్లి పాట... వెంట తెచ్చుకున్న సామానులో బరువు లేనిది అదొక్కటే.

ఇప్పుడు నడుస్తున్నది మూడో తరం, నాలుగో తరం. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, కాలేజీలో హిందీ, ఇంగ్లిష్. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేనివాళ్లు ఎందరో. నలుగురి ముందు తెలుగు పాట పాడమంటే సిగ్గు. అదే చేతికి గిటార్ ఇస్తే సిగ్గు ఎగిరిపోతుంది. మాటలు అక్కర్లేదు కదా! అయితే మాట లేకుండానే పాట అర్థం కావాలంటే ఎట్లా? సంగతంతా అక్కడే ఉంది.

లీడ్ అంటే వంత

బృందంలో గిటార్‌కు మూడు పనులుంటాయి. తాళానికి తగ్గట్టు కార్డ్స్ కొట్టేది రిథమ్. కింది స్థాయిలో పునాది వేసేది బేస్. పల్లవికీ చరణానికీ నడుమ, గాయకుడు ఆగిన చోట, ఒక్కో స్వరంగా రాగం పలికించేది లీడ్. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామందికి లీడ్ అంటే వేగమే. వేళ్లు ఎంత జోరుగా పరుగెత్తితే అంత గొప్ప అనుకుంటారు. పాట మొదలైందగ్గర్నుంచీ ఆగకుండా వాయిస్తూనే ఉంటారు. గాయకుడి గొంతు కింద పడిపోతుంది.

బుర్రకథ చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. కథకుడు చెబుతుంటే వంతలు అడ్డం పడరు. ఆయన ఆపిన చోట అందుకుంటారు, ఆ మాటకు బలం ఇచ్చి మళ్లీ ఆయనకే వదిలేస్తారు. బతుకమ్మ ఆటలో ఒకరు చరణం అంటే మిగతావాళ్లు అందుకోవడమూ అంతే. లీడ్ గిటార్ చేసేది ఈ వంత పనే!

అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి.కింగ్ పాడుతున్నంతసేపూ గిటార్ ముట్టేవారు కాదు. పాట ఆపిన చోట గిటార్‌తో జవాబు చెప్పేవారు. రెండూ ఒకేసారి తనకు చేతకాదని ఆయనే చెప్పుకున్నారు. బంధువు బుక్కా వైట్ స్లైడ్ వేసి తీగను ఏడిపిస్తుంటే తనకు అది పట్టుబడక, ఆ నాదం కోసం ఎడమచేతి వేలిని తీగ మీద కంపించడం మొదలుపెట్టారు. ఆ కంపనమే తర్వాత ఆయన సంతకం అయింది. చేతకానిదాన్ని దాచుకోకుండా దారి వెతుక్కుంటే ఎంత దూరం పోవచ్చో చూడండి.

మన ముంబై సినిమా పాటల్లోనూ ఇదే తీరు. 1971 నాటి ‘దమ్ మారో దమ్’లో గిటార్ మీటిన భూపిందర్ సింగ్ గజల్ గాయకుడు కూడా. పాడే మనిషి చేతిలో గిటార్ పడితే అది వేరుగా పలుకుతుంది. వాన్ షిప్లీ, సునీల్ గంగూలీ, కాజీ అనిరుద్ధ వంటివాళ్లు సినిమా పాటలను గిటార్ మీద వాయించి రికార్డులిచ్చారు. ఒక్క మాట లేకపోయినా అది ఏ పాటో ఇట్టే తెలిసేది. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ స్వరం జారవిడిచాడో తీగ కూడా అక్కడే ఆ పని చేసేది మరి.

పాలకొల్లు పిల్లాడి దారి

దీనికి తెలుగువాళ్లకు దొరికిన గొప్ప ఉదాహరణ గిటార్‌లో లేదు, దాని చిన్న తమ్ముడి లాంటి మాండొలిన్‌లో ఉంది. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆ గురువుకు మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. అంటే శ్రీనివాస్ నేర్చుకున్నది వేళ్ల లెక్క కాదు, గొంతు నడక. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి వయసు తొమ్మిదేళ్లు.

మాండొలిన్‌తో ఇబ్బంది ఏమిటంటే తీగ పొట్టిది, మీటిన నాదం త్వరగా ఆరిపోతుంది. పైగా తీగలు జంటలుగా ఉంటాయి. గమకం పలికించాలంటే తీగను పక్కకు లాగాలి, జంట తీగలను ఒకే శ్రుతిలో లాగడం కష్టం. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు కాబట్టి నాదం నిలిచింది. పాట కోసం వాద్యాన్నే మార్చుకున్నారన్నమాట.

ఆ తీగ ముంబైలోనూ మోగింది. 2000 డిసెంబర్‌లో ఇక్కడ జరిగిన ‘రిమెంబర్ శక్తి’ కచేరీల్లో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకీర్ హుస్సేన్ తబలా పక్కన శ్రీనివాస్ మాండొలిన్ పలికింది. అది ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ పేరుతో 2001లో ఆల్బమ్‌గా వచ్చింది. లీడ్ నేర్చుకునే ప్రతి కుర్రాడూ వినాల్సిన రికార్డు. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు ఎట్లా వింటున్నారో గమనించండి. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే శ్రీనివాస్ వెళ్లిపోయారు. దారి మాత్రం ఉంది.

వీణలో ఉన్నదే ఇక్కడా

గిటార్‌లో ‘బెండ్’ అంటే మనకు కొత్త విద్య కాదు. వీణ మీద మెట్టు దగ్గర తీగను నొక్కి పక్కకు లాగి పై స్వరం పలికిస్తారు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వీణలు అచ్చం పాడినట్టు ఉండటానికి ఆ లాగుడే ప్రాణం. గణపతి ఊరేగింపుల్లో మోగే ముంబై బెంజోలో మీటలు నొక్కాలి, తీగను అట్లా లాగే వీలుండదు. గిటార్‌లో ఆ వీలుంది. వాడుకోవాలి.

మూడో తీగ మీద తొమ్మిదో మెట్టు నొక్కి మీటండి. ఆ స్వరాన్ని నోటితో పాడండి. ఇప్పుడు ఏడో మెట్టు నొక్కి మీటి, తీగను పైకి తోయండి. మొదట పాడిన స్వరంతో కలిసిపోవాలి. అంతదాకా పోకుండా ఆగితే శ్రుతి తక్కువ, దాటితే ఎక్కువ. ఒక్క వేలితో బలం చాలదు. ఉంగరపు వేలు నొక్కితే వెనుక మధ్య వేలు, చూపుడు వేలు సాయం పట్టాలి. బలం మణికట్టు నుంచి రావాలి. మొదట్లో సన్న తీగలు, అంటే 9 నంబర్ సెట్టు వేసుకుంటే వేళ్లు బొబ్బలెక్కవు. ఈ ఒక్క బెండ్ శ్రుతిలో నిలిచాకే కంపనం జోలికి పోవాలి. శ్రుతి లేని కంపనం చలిజ్వరం లాంటిదే!

ఐదు స్వరాలు చాలు

‘సార్, ఎన్ని స్కేల్స్ రావాలి?’ అని అడిగే పిల్లలకు జవాబు... ఐదు స్వరాలు చాలు. మోహన రాగం తీసుకోండి. స రి గ ప ద. ఇక్కడి హిందుస్తానీవాళ్లు భూప్ అంటారు, గిటార్ పుస్తకాలు మేజర్ పెంటాటోనిక్ అంటాయి. అట్లాగే బ్లూస్, రాక్‌లో ఎక్కువగా వినపడే మైనర్ పెంటాటోనిక్ స్వరాలు మన శుద్ధ ధన్యాసివే. స గ మ ప ని. పేర్లే వేరు.

ఆ ఐదు స్వరాల్లో మొదట మూడే తీసుకుని ఒక చిన్న వాక్యం పాడండి. పాడిందే వాయించండి. మాట్లాడినట్టు ఉండాలి. ప్రశ్నలా ఉంటే తర్వాతి వాక్యం జవాబులా ఉండాలి. ఒకే స్వరాన్ని మెల్లగా మీటితే ఒకలా, గట్టిగా మీటితే ఇంకోలా, బ్రిడ్జి దగ్గర మీటితే మరోలా పలుకుతుంది. డైర్ స్ట్రైట్స్ గిటారిస్టు మార్క్ నాప్‌ఫ్లర్ ప్లెక్ట్రమ్ వదిలేసి ఉత్త వేళ్లతో మీటి పేరు తెచ్చుకున్నారు. వేలి చర్మానికి ఉన్న మెత్తదనం ప్లాస్టిక్ ముక్కకు రాదు.

ఇంకో చిట్కా. పాడేవాడికి ఊపిరి అయిపోతుంది కాబట్టి ఆగుతాడు. గిటార్‌కు ఊపిరి లేదు, అందుకే వాయించేవాడు ఆగడు. వింటున్నవాళ్లకు ఊపిరాడదు! ఊపిరి వదులుతున్నంతసేపే వాయించండి, పీల్చేటప్పుడు చెయ్యి ఆపండి. వారం రోజుల్లో మీ వాయింపులో వాక్యాలు కనబడతాయి.

గోడ పక్కన గోడ

చాల్‌లో సాధనకు జాగా లేదని బాధ పడేవాళ్లున్నారు. నిజమే. పరీక్షల రోజుల్లో, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషి పక్కన గిటార్ మోగించడం కుదరదు. ఎలక్ట్రిక్ గిటార్ అయితే హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించుకోవచ్చు, ఇంట్లో ఎవరికీ అడ్డం రాదు. మామూలు గిటార్ అయితే మెల్లగా మీటడమే. కానీ ఆ ఇరుకే ఒక మేలు కూడా చేస్తుంది. తక్కువ చప్పుడులో అందంగా వాయించడం వచ్చినవాడికి పెద్ద స్టేజీ మీద బెరుకుండదు. పెద్ద చప్పుడు వెనుక తప్పులు దాచుకోవడం అలవాటైనవాడికి చిన్న గదిలో చెమటలు పడతాయి.

ఆ చాళ్లు కూడా ఇప్పుడు ఒక్కొక్కటిగా పోతున్నాయి. 1920ల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన భవనాలు వర్లిలో 121. మ్హాడా వాటి స్థానంలో టవర్లు కడుతోంది. 2025 ఆగస్టులో తొలి విడతగా 556 ఇళ్ల తాళాలు చేతికిచ్చారు. ఇల్లు 500 చదరపు అడుగులైంది. వందేళ్ల ఇరుకు తీరింది, సంతోషమే. కానీ తలుపులు మూసుకుంటాయి. పిల్లాడికి సొంత గది వస్తుంది. ‘లొల్లి బంద్ చెయ్’ అనే కాక ఉండడు, ‘ఏది బిడ్డా, మళ్లొకసారి కొట్టు’ అనే బాపమ్మ కూడా వరండాలో కూర్చోదు. వినే మనిషి ఎదురుగా లేకపోతే వాయించేవాడు తన వేళ్లను తానే చూసుకుని మురిసిపోతాడు.

అందుకే ఒక పని చేయండి. బతుకమ్మ పండగ దాకా ఆగకుండా ఈ ఆదివారమే బాపమ్మ పక్కన కూర్చోండి. తనకు బాగా వచ్చిన పాట ఒకటి పాడమనండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అవి చాలా వరకు ఏ పుస్తకంలోనూ లేని పాటలు, ఆ నోటి నుంచి ఇంకొకరు అందుకోకపోతే అక్కడితోనే సరి. ఆ పాటను ముందు మీరు పాడి, ఆ తర్వాత తీగ మీద పెట్టండి. మాటలు సరిగ్గా అర్థం కాకపోతే అడగండి. అర్థం తెలిస్తే ఎక్కడ తీగ లాగాలో, ఎక్కడ ఆపాలో చెయ్యికే తెలుస్తుంది.

సాధనకు ఐదు సూత్రాలు

* నోటితో పాడలేని వాక్యాన్ని గిటార్ మీద వాయించకండి.
* రోజూ ఒక్క బెండ్. తొమ్మిదో మెట్టుతో సరిచూసుకోండి.
* నెలకు ఒక పాట చాలు. గాయకుడి ఊపిరితో సహా నేర్చుకోండి.
* గాయకుడు పాడుతుంటే చెయ్యి తీగల మీద ఆనించి ఉంచండి.
* వారానికోసారి ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించండి.

ఎట్లా ఉందని వాళ్లను అడగకండి. మీరు వాయిస్తుంటే బాపమ్మ పెదాలు తెలియకుండానే కదిలాయా... పని అయినట్టే! ఆ రోజు నుంచి మీరు లీడ్ గిటారిస్టు.