ముఖ్యమంత్రిని ఎవరు ఎన్నుకుంటారు?

ఎన్నికలు వచ్చాయంటే ఊర్లో ఒకటే మాట. "ఈసారి ముఖ్యమంత్రి ఎవరు?" రచ్చకట్ట కాడ అదే మాట. చెనిక్కాయ చేలో కలుపు తీసే కాడ అదే మాట. గోడల మీద పెద్ద నాయకుల బొమ్మలుంటాయి. మైకులో వాళ్ల పేర్లే వినిపిస్తాయి.

కానీ ఓటు వేసే యంత్రం చూడండి. ముఖ్యమంత్రి పదవికి అందులో వేరే మీట ఉండదు. మరి మనం ఎవరికి ఓటు వేస్తున్నట్టు?

మన ఓటు ఎవరికి?

మన ఓటు ఎమ్మెల్యేకు. ఎమ్మెల్యే అంటే శాసనసభ సభ్యుడు. ఆడవాళ్లయితే సభ్యురాలు. రాష్ట్రాన్ని నియోజకవర్గాలుగా విడదీశారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 నియోజకవర్గాలు ఉన్నాయి. పాత కర్నూలు జిల్లాలో 14, పాత కడప జిల్లాలో 10 ఉన్నాయి. ఆలూరు, పత్తికొండ, బద్వేలు, రాయచోటి ఇట్లాంటివే. ఒక్కో చోట నుంచి ఒక్కరే గెలుస్తారు.

ముఖ్యమంత్రి ఎట్లా అవుతారు?

175లో సగం కంటే ఎక్కువ అంటే 88. అంతమంది ఎమ్మెల్యేల బలం ఏ నాయకుడికి ఉంటే, ఆ నాయకుణ్ణి గవర్నర్ ముఖ్యమంత్రిగా నియమిస్తారు. మంత్రులు ఎవరో ముఖ్యమంత్రి చెబుతారు. గవర్నర్‌కు మనం ఓటు వేయము. ఆయనను రాష్ట్రపతి నియమిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2019లో పులివెందుల నుంచి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గెలిచారు. ఆయన పార్టీకి 151 సీట్లు వచ్చాయి. ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 2024లో కూడా పులివెందులలో ఆయనే గెలిచారు. కానీ ఆ పార్టీకి 11 సీట్లే వచ్చాయి. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164 వచ్చాయి. కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. సొంత ఊర్లో గెలిస్తే చాలదు. ఎమ్మెల్యేల లెక్క కుదరాలి.

అన్ని దేశాల్లో ఇట్లా ఉండదు. అమెరికాలో రాష్ట్రానికి పెద్ద గవర్నరే. ఆ గవర్నర్‌కు జనమే నేరుగా ఓటు వేస్తారు. చాలా రాష్ట్రాల్లో ఖజానా చూసే అధికారికి కూడా ఓటు వేస్తారు. మన దగ్గర మాత్రం ఎమ్మెల్యేనే దారి.

ఒక్క ఓటు, నలుగురు ముఖ్యమంత్రులు

ముఖ్యమంత్రి మధ్యలో మారవచ్చు. అప్పుడు మనల్ని మళ్లీ ఓటు అడగరు.

కర్నూలు దగ్గర పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయనే. అప్పుడు ఎన్నికలు జరగలేదు. అంతకు ముందున్న నీలం సంజీవరెడ్డి పార్టీ పని మీద ఢిల్లీకి పోయారు. ఆ చోటులో సంజీవయ్య వచ్చారు.

1978లో జనం ఒక్కసారి ఓటు వేశారు. అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులయ్యారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, చివరికి కర్నూలు జిల్లా నాయకుడు కోట్ల విజయభాస్కర రెడ్డి.

2009లో కడప జిల్లా నాయకుడు వై.ఎస్. రాజశేఖర రెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ సెప్టెంబరు 2న నల్లమల అడవిలో హెలికాప్టర్ కూలి చనిపోయారు. తర్వాత రోశయ్య, ఆ తర్వాత కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రులయ్యారు. వీళ్లు మారేటప్పుడు కూడా ఎన్నికలు రాలేదు.

సారా కథ ఏం చెబుతుంది?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్లే ముందు నిలిచారు. ఆ ఉద్యమం జిల్లా జిల్లాకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి.

1994 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు మద్యం పూర్తిగా ఆపేస్తామని మాట ఇచ్చారు. ఆడవాళ్లు నమ్మి ఓట్లేశారు. ఆయన గెలిచారు. 1995 జనవరిలో మద్య నిషేధం వచ్చింది.

అదే ఏడాది ఆ పార్టీ చీలింది. ఎక్కువ మంది ఎమ్మెల్యేలు చంద్రబాబు నాయుడు వైపు పోయారు. సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1997లో మద్య నిషేధం సడలించారు. ఖజానాకు రాబడి తగ్గిందని ప్రభుత్వం చెప్పింది. సారా మీద నిషేధం మాత్రం నిలిచింది.

చూశారా అక్కలారా! మాట ఇచ్చింది పెద్ద నాయకుడు. నాయకుణ్ణి మార్చింది ఎమ్మెల్యేలు. ఆ ఎమ్మెల్యేలను గెలిపించింది మన ఓటు. అందుకే గోడ మీది బొమ్మ ఒక్కటే చూస్తే చాలదు. మన ఊరికి ఓటు అడగను వచ్చే మనిషిని కూడా చూడాలి.

ఓటుకు ముందు

పోటీ చేసేవాళ్లు తమ ఆస్తి, చదువు, తమ మీదున్న కేసులు కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం ఎవరైనా చూడవచ్చు. అక్షరం వచ్చిన వాళ్లు చదివి పదిమందికి చెప్పవచ్చు.

18 ఏళ్లు నిండినవాళ్లకు ఓటు ఉంది. జాబితాలో పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి. పెండ్లయి అత్తగారి ఊరికి వచ్చినవాళ్లు అక్కడ పేరు రాయించుకోవాలి.

ఓటు రహస్యం. ఎవరికి వేశారో మొగుడికి చెప్పే పని లేదు. ఊరి పెద్దకు చెప్పే పని లేదు. మీట నొక్కితే పక్క పెట్టెలో చీటీ కనపడుతుంది. మనం వేసిన గుర్తే ఉందా అని చూసుకోవాలి. పోటీలో ఎవరూ నచ్చకపోతే "నోటా" మీట ఉంటుంది.

ఓటుకు డబ్బు ఇవ్వడం నేరం. తీసుకోవడం కూడా నేరమే. ఆ డబ్బు నాలుగు దినాల్లో అయిపోతుంది. ఎమ్మెల్యే అయిదేళ్లుంటారు.

మాట్లాడుకోండి

1. మీ నియోజకవర్గం పేరేమి? ఎమ్మెల్యే ఎవరు?
2. తాగే నీళ్లు, కరువు పనులు, బడి. వీటి గురించి ఎమ్మెల్యే సభలో మాట్లాడారా?
3. ఈసారి ఓటు అడగను వస్తే మీరు ఏ మూడు మాటలు అడుగుతారు? పలకా బలపం తీసుకుని రాయండి.