వెట్‌సూట్‌తో చన్నీటి స్కూబా డైవింగ్

స్కూబా డైవింగ్ అనగా గాలి నింపిన సిలిండరును వీపున ధరించి, దానినుండి శ్వాసించుచు నీటి అడుగున సంచరించుట. చల్లని నీటిలో దిగువారు ఒంటిని అంటిపెట్టుకొని ఉండే ఒక ప్రత్యేకమైన రబ్బరు దుస్తును ధరిస్తారు. దీనినే వెట్‌సూట్ అంటారు. ఇది శరీరమును తడవకుండా ఉంచదు. తడిసిన శరీరమునుండి వేడి త్వరగా పోకుండా కాపాడుతుంది. ఈ రక్షణకు కొన్ని హద్దులు కలవు. వెచ్చని సముద్రములో డైవింగ్ నేర్చుకొని చన్నీటిలో దిగదలచినవారు ఆ హద్దులను ముందుగా తెలిసికొనుట అవసరము.

నీటిలో చలి ప్రభావము

నీటి ఉష్ణవాహకత గాలికంటె సుమారు 25 రెట్లు ఎక్కువ. సికింద్రాబాదులో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ ఉన్నపుడు శాలువ కప్పుకొని నడకకు పోవచ్చును. అదే 15 డిగ్రీల నీటిలో రక్షణ లేకుండా హఠాత్తుగా దిగినచో మొదటి నిమిషములోనే ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది. తరువాత కొద్ది నిమిషములలో చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. ఇంకను నీటిలోనే ఉన్నచో శరీరపు లోపలి ఉష్ణోగ్రత క్రమముగా తగ్గుతుంది. అది 35 డిగ్రీలకంటె తగ్గిన స్థితిని హైపోథెర్మియా అంటారు.

చరిత్ర

నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ శాస్త్రజ్ఞులు 1930లో కనుగొన్నారు. 1943లో ఫ్రాన్సు దేశమునందు జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ కలసి ఆక్వాలంగ్ అనే శ్వాసపరికరమును రూపొందించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము (బర్కిలీ)లో భౌతికశాస్త్రవేత్తయైన హ్యూ బ్రాడ్నర్ 1950ల ఆరంభములో నియోప్రీన్ నురుగుతో వెట్‌సూట్‌ను తయారుచేశారు. దుస్తులో గాలి బంధింపబడి ఉన్నచో, ఒళ్ళు తడిసినను వెచ్చదనము నిలుచునని ఆయన గ్రహించారు.

పనిచేయు విధానము

వెట్‌సూట్ నియోప్రీన్‌లో అసంఖ్యాకమైన సూక్ష్మ వాయుబుడగలు ఉంటాయి. వేడిని అడ్డగించునవి ఈ బుడగలే. దుస్తు లోపలికి చేరిన నీటిపొర వలననే వెచ్చదనము కలుగునని పలువురు భావిస్తారు. నిజమునకు ఆ పొర పలుచగా, కదలకుండా ఉండవలెను. దుస్తు వదులుగా ఉన్నచో ప్రతి కదలికకు చల్లని నీరు లోపలికి వచ్చి, ఒంటివేడితో వెచ్చబడిన నీరు బయటకు పోతుంది. కావున వెట్‌సూట్ ఒంటికి సరిగా అతుక్కొని ఉండుట ముఖ్యము. అయితే ఊపిరి పీల్చుటకు ఇబ్బంది కలుగునంత బిగుతుగా ఉండరాదు.

దుస్తు మందము (సుమారుగా)

* 24 డిగ్రీలకు పైన: 3 మిల్లీమీటర్లు
* 18 నుండి 24 డిగ్రీలు: 5 మిల్లీమీటర్లు
* 10 నుండి 18 డిగ్రీలు: 7 మిల్లీమీటర్లు, తలకు టోపీ, చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు
* 10 డిగ్రీలకు దిగువ: నీరు లోపలికి రానివ్వని డ్రైసూట్ మేలు

లోతు పెరిగినపుడు

సముద్రములో 10 మీటర్ల లోతున పీడనము ఉపరితలముకంటె రెట్టింపవుతుంది. 30 మీటర్ల వద్ద నాలుగు రెట్లవుతుంది. బాయిల్ నియమము ప్రకారము బుడగలలోని వాయువు పరిమాణము ఆ మేరకు తగ్గుతుంది. అందువలన దుస్తు పలుచబడి, వెచ్చదనమును నిలుపు శక్తి క్షీణిస్తుంది. లోతునకు పోయినకొలది సాధారణముగా నీరు మరింత చల్లబడుతుంది. కావున రక్షణ ఎక్కువగా కావలసిన చోటనే అది తక్కువగా లభిస్తుంది. బుడగలు కుంచించుకొనుటవలన తేలే గుణము కూడ తగ్గి, డైవరు వేగముగా మునగసాగుతాడు. దీనిని సరిచేయుటకు గాలి నింపు జాకెట్టును వాడతారు. ఆ జాకెట్టు మీటను నొక్కుటకు వేళ్ళు పనిచేయవలెను కదా! చన్నీటిలో ముందుగా మొద్దుబారునవి ఆ వేళ్ళే.

తెలుగువారు, చన్నీటి డైవింగ్

సికింద్రాబాదు వంటి సముద్రము లేని నగరములో ఉండువారు సాధారణముగా ఈతకొలనులో ప్రాథమిక శిక్షణ పొంది, తరువాత సముద్రమునకు వెళ్తారు. విశాఖపట్టణము వద్ద సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 25 నుండి 30 డిగ్రీలు. అక్కడ పలుచని దుస్తు సరిపోతుంది. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారికి చేరువలో ఉన్న మాంటెరే అఖాతములో నీరు సుమారు 10 నుండి 15 డిగ్రీలు మాత్రమే. అచ్చట పెద్ద పెద్ద సముద్రపు నాచు వనములు కలవు. వెచ్చని నీటిలో పొందిన ధ్రువపత్రము చేతనున్నను, అట్టి నీటిలో దిగుటకు ముందు స్థానిక శిక్షకునితో కలసి తక్కువ లోతులో అభ్యాసము చేయవలెను.

జాగ్రత్తలు

* వణకు ఆరంభమైన వెంటనే జతగాడికి సంజ్ఞ చేసి, నియమిత వేగముతో పైకి రావలెను. ఒంటిచలి తగ్గకుండానే వణకు ఆగిపోవుట, మాట తడబడుట ప్రమాద సూచనలు.
* అతిచల్లని నీటిలో రెగ్యులేటరులో మంచు ఏర్పడి గాలి ఆగకుండా బయటకు పోవచ్చును. చన్నీటికి తగిన రెగ్యులేటరునే వాడవలెను.
* చలివలన మూత్రము అధికమై శరీరములో నీరు తగ్గుతుంది. కావున డైవింగుకు ముందు, తరువాత తగినంత నీరు త్రాగవలెను.
* హైపోథెర్మియాకు గురైనవారిని కుదుపక పడుకొనబెట్టి, తడిదుస్తులు తొలగించి, పొడి దుప్పట్లు కప్పి, వైద్యసహాయము పొందవలెను. కాళ్ళు చేతులు రుద్దరాదు, మద్యము ఇవ్వరాదు. పూర్తి స్పృహలో ఉన్నవారికి మాత్రమే వెచ్చని తీపి పానీయము ఇవ్వవచ్చును.