జ్వరం తగ్గినా దిగని ఎస్‌జీపీటీ

డెంగీ జ్వరం పోయింది. ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. తీరా రిపోర్టులో ఎస్‌జీఓటీ 210, ఎస్‌జీపీటీ 140 అని ఉంటే, కోనసీమలోని అల్లవరంలో ఏ ఇల్లయినా దిగాలు పడుతుంది. కాలేయ పరీక్షలో చూసే ఈ ఎంజైములు రెండూ సుమారు 40 లోపు ఉండాలి మరి. కొబ్బరితోటలో పడున్న చిప్పలో నిలిచిన వాననీళ్లు చాలు డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి. అందుకే కోనసీమలో వానలు పడ్డాక ఈ భయం ఎవరికైనా రావచ్చు.

ఈ ఎంజైములు ఉండాల్సింది కణాల లోపల. వైరస్ వల్లో, దానిమీద మన రక్షణ కణాలు చేసే దాడి వల్లో కాలేయ కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. ఎస్‌జీఓటీ కండరాల్లోనూ, గుండెలోనూ ఉంటుంది. 1954లో న్యూయార్క్ వైద్యులు అది పెరగడాన్ని గుర్తించింది గుండెపోటు రోగుల రక్తంలోనే! డెంగీలో ఎస్‌జీపీటీ కన్నా ఇదే ఎక్కువగా పెరుగుతుంది.

జ్వరం దిగిన రోజుల్లోనే ఈ అంకెలు తారస్థాయికి చేరడం మామూలే. రక్తంలో చేరిన ఎస్‌జీఓటీ సుమారు 17 గంటలకు సగమవుతుంది, ఎస్‌జీపీటీకి దాదాపు 47 గంటలు పడుతుంది. కనుక కోలుకునేటప్పుడు మొదటిది ముందు దిగి, రెండోది వెనకబడుతుంది. చాలామందిలో కొన్ని వారాల్లో రెండూ సర్దుకుంటాయి.

అంకె చెప్పేది కణాలు దెబ్బతిన్న సంగతి. కాలేయం పనిచేస్తోందా లేదా అన్నది బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే పరీక్ష చెబుతాయి. ఈ ఎంజైముల్లో ఏదైనా 1000కి చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్ర డెంగీగా లెక్కిస్తుంది. ఆగని వాంతులు, కడుపునొప్పి, మత్తు, కళ్లు పచ్చబడటం, రక్తస్రావం... వీటిలో ఏది కనిపించినా, అంకె ఎంతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నా భయమంతా పసరు మందుల గురించే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవారి గురించి 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. కోలుకుంటున్న కాలేయం మీద ఏముందో తెలియని కషాయం పోయకండి. పారాసెటమాల్ డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే ఉండొచ్చు, చూసుకోండి. మద్యం ముట్టొద్దు. చప్పిడి పథ్యం మాత్రం అక్కర్లేదు. అరిగితే గుడ్డు, చేప పెట్టండి, నీరసించిన ఒంటికి మాంసకృత్తులు కావాలి.

డాక్టరు చెప్పిన గడువుకు పరీక్ష మళ్లీ చేయించండి. నెలలు గడిచినా దిగకపోతే హెపటైటిస్ బి, సి, ఫ్యాటీ లివర్ ఉన్నాయేమో చూడాలి. అవి జ్వరానికి ముందునుంచే ఉండి, అప్పటిదాకా ఎవరూ పరీక్షించకపోయి ఉండొచ్చు.