గుమ్మం కాచే రోవన్ చెట్టు

మీ పుట్టినరోజు జనవరి 21కీ ఫిబ్రవరి 17కీ మధ్య వస్తుందా? అయితే కెల్టిక్ వృక్ష జ్యోతిషం ప్రకారం మీది రోవన్ చెట్టు. మనకు పన్నెండు రాశులున్నట్టే అందులో పదమూడు చెట్లున్నాయి. ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల ప్రాచీనులైన కెల్టుల పేరు మీద చెలామణీ అవుతున్న పద్ధతి ఇది. రోవన్ వాళ్లు ఆలోచనాపరులట, పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పులాంటి వాళ్లట, ఎదుటివాళ్లకు ఓ పట్టాన అర్థం కారట! ఈ మాటలు ఎవరికి చెప్పినా "అచ్చం నేనే" అంటారు లెండి.

ఇంతకీ ఈ చెట్టు ఎలా ఉంటుంది? ఆకు చూస్తే మన వేపే గుర్తొస్తుంది. ఈనెకు రెండు వైపులా రంపపు పళ్ల అంచున్న చిన్న చిన్న ఆకులు. వేసవి మొదట్లో మీగడ రంగు పూలు, వేసవి పోతూండగా బఠాణీ గింజంత ఎర్రటి పళ్ల గుత్తులు. యాపిల్‌కి చుట్టం ఇది. పండు తిరగేస్తే అడుగున అయిదు కోణాల బుల్లి నక్షత్రం కనిపిస్తుంది. ఆ నక్షత్రం, ఆ ఎరుపు రెండూ చెడును దగ్గరకు రానీయవని అక్కడి వాళ్ల నమ్మకం.

అందుకే స్కాట్లండ్ పల్లెల్లో ఇంటి ముందు రోవన్ నాటేవారు. రెండు పుల్లలను అడ్డంగా పెట్టి ఎర్రదారంతో కట్టి గుమ్మం మీద, పశువుల పాకలో వేలాడదీసేవారు. ఆవు తోకకీ కట్టేవారు. వెన్న చిలికే కర్ర రోవన్‌ది అయితే మంత్రగత్తెల కన్ను పడదనుకునేవారు. పాడి మీద బతికే ఇంట్లో వెన్న పడకపోతే అది చిన్న సంగతా మరి! ఆడవాళ్లు ఆ పళ్లను ఎర్రదారానికి గుచ్చి మెళ్లో వేసుకునేవారు. 1597లో రాజు ఆరవ జేమ్స్ మంత్రవిద్యల మీద రాసిన పుస్తకంలో పశువులకు రోవన్ కట్టడాన్ని తప్పుపట్టాడు. రాజుగారు కసిరినా ఇల్లాళ్లు మానలేదు. ఇప్పటికీ అక్కడి కొండల్లో కప్పు లేని మొండిగోడల పక్కన రోవన్ చెట్లు కనిపిస్తాయి. ఇంటివాళ్లు వెళ్లిపోయారు, కాపలా చెట్టు ఉండిపోయింది.

అయితే ఒక మాట. ఎర్రదారం పాతదే గానీ జాతకం పాతది కాదు. ఓఘమ్ అనే పాత ఐరిష్ లిపిలో అక్షరాలకు చెట్ల పేర్లు చెప్పేవారు, రెండో అక్షరం రోవన్‌ది. వాటిని నెలలుగా అమర్చి పదమూడు చెట్ల క్యాలెండర్ తయారుచేసింది ఇంగ్లీషు కవి రాబర్ట్ గ్రేవ్స్, 1948లో, 'ది వైట్ గాడెస్' అనే పుస్తకంలో. జాతకాలు ఆ తరవాత పుట్టాయి. సరదాకి చదువుకోండి, సంబంధాలు మాత్రం దీన్ని చూసి కుదుర్చుకోకండి!

ఇక మన వంటింటి సంగతి. పచ్చి రోవన్ పండు చేదు, తింటే కడుపులో తిప్పుతుంది కూడా. ఉడికిస్తే ఆ బాధ పోతుంది. అందుకే పుల్లటి యాపిల్ ముక్కలతో కలిపి ఉడకబెట్టి, గుడ్డలో వడకట్టి, ఆ రసంలో పంచదార పోసి మళ్లీ మరిగించి జెల్లీ చేస్తారు. మాంసం కూరల పక్కన నంజుకుంటారు. 1859లో హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఈ పళ్ల నూనెలోంచే సార్బిక్ ఆమ్లాన్ని రాబట్టాడు. అది బూజును రానీయదు. ఇప్పుడు దాన్ని ఫ్యాక్టరీల్లోనే చేస్తున్నారనుకోండి. స్క్వాష్ సీసా మీదో జామ్ సీసా మీదో 'ప్రిజర్వేటివ్ 202' అని కనిపిస్తే అది ఆ ఆమ్లం తాలూకు లవణమే.