రెపో రేటు తగ్గింది, మన వడ్డీ ఎందుకు తగ్గలేదు?



మొన్న శిడ్లఘట్ట మార్కెట్టులో లాటు పోసి వేలం కోసం కూర్చున్నాం. పక్కనున్న చింతామణి వైపు తమ్ముడు ఒకాయన ఫోను చూపించి, "అన్నా, రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించిందంట. మన పంట అప్పుకి ఎంత తగ్గుతుంది?" అని అడిగాడు. "పైసా తగ్గదు" అన్నాను. నమ్మలేదు. ఆయనకి చెప్పిందే మీకూ రాస్తున్నా.

*రెపో రేటు అంటే ఏమి?*

బ్యాంకులకి డబ్బు కావాలంటే రిజర్వు బ్యాంకు దగ్గర అప్పు తెచ్చుకుంటాయి. ఆ అప్పుకి వేసే వడ్డీయే రెపో రేటు. ఆరుగురు ఉండే కమిటీ ఒకటి రెండు నెలలకి ఒకసారి కూర్చొని దాన్ని నిర్ణయిస్తుంది. సరుకుల ధరలు ఏడాదికి 4 శాతం కంటే ఎక్కువ పెరగకుండా చూడాలి, అటు ఇటు 2 శాతం వరకు పరవాలేదు, ఇది వాళ్ళకి ఇచ్చిన లెక్క. ధరలు మండితే రేటు పెంచుతారు, అప్పులు తగ్గి కొనుగోళ్ళు తగ్గుతాయని. వ్యాపారం మందగిస్తే రేటు తగ్గిస్తారు.

కరోనా వచ్చిన 2020లో అది 4 శాతానికి దిగింది. 2022 మే నుంచి పెంచుకుంటూ పోయి 2023 ఫిబ్రవరికి 6.50 చేశారు. 2025లో ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, డిసెంబరు నెలల్లో తగ్గించి 5.25కి తెచ్చారు.

*మరి మనకెందుకు తగ్గదు?*

ఎందుకంటే మన కిసాన్ కార్డు అప్పు వడ్డీని రెపో రేటు నిర్ణయించదు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 3 లక్షల వరకు పంట అప్పుకి 7 శాతం. గడువు లోపల కట్టినవాళ్ళకి 3 శాతం వెనక్కి వస్తుంది, అంటే చివరికి పడేది 4 శాతమే. రెపో 4 ఉన్నప్పుడూ ఇంతే, 6.50 ఉన్నప్పుడూ ఇంతే. పెరిగినప్పుడు మనకి నొప్పి తెలియలేదు, తగ్గినప్పుడు లాభమూ తెలియదు.

రేటు తగ్గితే ముందు తగిలేది మన గూళ్ళు కొనే రీలర్లకి. 2019 అక్టోబరు నుంచి కమర్షియల్ బ్యాంకులు చిన్న పరిశ్రమలకి ఇచ్చే మారే వడ్డీ అప్పుల్ని రెపో లాంటి బయటి రేటుకి కట్టాలి, కనీసం 3 నెలలకి ఒకసారి మార్చాలి. అలాంటి అప్పు ఉన్న రీలరుకి వడ్డీ తగ్గితే చేతిలో కాస్త ఎక్కువ డబ్బు ఆడుతుంది. అట్లని గూళ్ళ ధర పెరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ధరని నూలు గిరాకీ, వాన, ఆ రోజు మార్కెట్టుకి వచ్చిన సరుకు, ఇవన్నీ లాగుతాయి.

ఊళ్ళో చేబదులు అప్పుని అయితే ఏ కమిటీ కదిలించలేదు. నూటికి 2 రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే. లక్షకి నెలకి 2,000, ఏడాదికి 24,000. అదే లక్షకి కార్డు అప్పులో, గడువు లోపల కడితే, 4,000.

*నేను చేసిన తప్పు*

రెండేళ్ళ కింద నాకు 2 లక్షల కార్డు అప్పు ఉండింది. గడువుకి ముందు వచ్చే పంట డబ్బుతో కట్టేద్దామని ధైర్యంగా ఉన్నా. నాలుగో జ్వరం దాటినాక పాలరోగం తగిలింది. బుట్టలకొద్దీ పురుగుల్ని గుంతలో పోసి సున్నం చల్లినాం. చంద్రికలు ఎక్కింది కొంచెమే.

మా ఇంటామె, "నగలు కుదువ పెట్టి కట్టేద్దాం, మళ్ళీ పంటకి విడిపించుకుందాం" అనింది. నాకు మానం అడ్డొచ్చింది. బ్యాంకేమన్నా పారిపోతుందా, వచ్చే పంటకి కడదాంలే అన్నా. కట్టేసరికి గడువు దాటి 20 రోజులైంది.

2 లక్షలకి ఏడాది వడ్డీ 8,000తో పోయేది 14,000 అయింది. ఆ 20 రోజులకి 7 శాతం కూడా లేదు, బ్యాంకు మామూలు వడ్డీ వేసినారు. తరువాత లెక్క వేసి చూస్తే, 2 లక్షల 14 వేలు 2 రూపాయల వడ్డీకి తెచ్చినా 20 రోజులకి 3,000 లోపే అయ్యేది. అప్పు మీద అప్పు చెయ్యమని కాదు నేను చెప్పేది. గడువు తేదీకి ఎంత విలువ ఉందో తెలియక 6,000 పోగొట్టుకున్నా, అది చెప్తున్నా.

*ఇప్పుడు నేను చేసేది*

1. గడువు తేదీని షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి పెట్టినా. చాకీ తెచ్చే తేదీ పక్కనే.

2. ఒక్క పంట మీద ఆశ పెట్టుకోను. ఏడాదికి 5 పంటలు తీస్తాను కాబట్టి పంటకి 43,000 లెక్కన తీసి పెడతా. ఒక పంట పోయినా మిగతా నాలుగింటి డబ్బు ఉంటుంది.

3. ఆ డబ్బుని సేవింగ్స్‌లో పెట్టను, కార్డు ఖాతాలోనే కడతా. మిగిలిన బాకీకే వడ్డీ పడుతుంది. గడువు లోపల అవసరమైతే లిమిటు ఉన్నంత వరకు మళ్ళీ తీసుకోవచ్చు.

4. షెడ్డుకో డ్రిప్పుకో పెద్ద అప్పు తీసుకుంటే ముందే అడుగుతా: వడ్డీ మారేదా, మారనిదా? మారేదైతే దేనికి కట్టినారు, ఎన్ని నెలలకి మారుస్తారు? అలాంటి అప్పుకి మాత్రం రిజర్వు బ్యాంకు వార్త మనకీ పనికొస్తుంది.

కర్ణాటకలో ఉన్నవాళ్ళు సొసైటీని కూడా అడగండి. గడువులోపల కట్టే పంట అప్పుకి వడ్డీ లేదు, ఆ పరిమితిని 2023లో 3 లక్షల నుంచి 5 లక్షలకి పెంచినారు. హోసూరు వైపు మనవాళ్ళకి తమిళనాడు సొసైటీల్లోనూ గడువుకి కట్టే పంట అప్పుకి వడ్డీ ఉండదు. రెండు చోట్లా షరతు ఒకటే, తేదీ దాటకూడదు.

ఆ రోజు లాటు అమ్ముడైనాక చింతామణి తమ్ముణ్ణి అడిగినా, "నీ గడువు ఎప్పుడు?" అని. తల గోక్కున్నాడు. మీది ఎప్పుడో మీకు తెలుసా? ఈ రోజే పాస్‌బుక్కు తీసి చూసుకోండి.