అమ్మ వైపా... నాన్న వైపా?

అమ్మ సుగాలి. నాన్న గిరిజనేతరుడు. మరి పిల్లలు ఎవరు? అడవి అంచున సేద్యం చేసే ఇంట్లో ఇది కులం మాటే కాదు, భూమి మాట కూడా!

ఏజెన్సీలో గిరిజనుల భూములకు కాపలా కాసే 1/70 చట్టం పల్నాడుకు వర్తించదు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు మరి. మాచర్ల వైపు అడవిని నమ్ముకున్నవారికి ఆసరా 2006 నాటి అటవీ హక్కుల చట్టమే. 2005 డిసెంబరు 13కు ముందునుంచీ సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల వరకూ హక్కు ఇస్తుందది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే బతుకుతున్నట్టు చూపాలి. దంపతులకు పట్టా ఇద్దరి పేరునా ఇవ్వాలి. అది పిల్లలకు వారసత్వంగా వస్తుంది. అమ్మడానికి మాత్రం వీల్లేదు.

పట్టా రాకముందే తల్లి కన్నుమూస్తే? చిక్కంతా అక్కడే. అప్పుడు పిల్లలు గిరిజనులా కాదా అన్నది తేలాలి. అన్నిసార్లూ తండ్రి కులమే ఖాయం కాదనీ, తల్లి సమాజంలోనే పెరిగి ఆ కష్టనష్టాలు పడ్డామని నిరూపించుకోవచ్చనీ 2012లో సుప్రీంకోర్టు చెప్పింది.

అమెరికాలోనూ ఇలాంటి కథే ఉంది. 1854లో ఒజిబ్వే తెగతో కుదిరిన ఒప్పందం మిశ్రమ సంతతి కుటుంబాలకు 80 ఎకరాల చొప్పున ఇస్తామంది. ఆ హక్కు పత్రాల్లో చాలావాటిని దళారులు చేజిక్కించుకున్నారు. కలప ఉన్న నేలలు వాళ్లపాలయ్యాయి.

అందుకే దరఖాస్తుతో గ్రామసభకు వెళ్లేటప్పుడు తల్లి కుల ధ్రువీకరణ, తండాలోనే చదివిన బడి రికార్డు వెంట ఉండటం మేలు.