బుల్లెట్ ఇంజన్‌లో అయస్కాంతం: ఏది అంటుతుంది, ఏది అంటదు

మన హాస్టల్ తమ్ముళ్ళలో చాలామంది వేసవి సెలవుల్లో మెకానిక్ షెడ్లలో పనికి వెళ్తారు. ఇంటర్ చదివే రోజుల్లో నేనూ విజయనగరంలో ఒక షెడ్డులో రెండు వేసవులు పనిచేశాను. పదో తరగతి తర్వాత ఐటిఐలో మోటార్ మెకానిక్ ట్రేడు తీసుకునేవాళ్ళు కూడా ప్రతి సంవత్సరం ఉంటారు. అందుకని వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, ఎం.ఎస్సీలో చదివిన ఫిజిక్సుకూ షెడ్డులో చూసిన పనికీ కలిసే విషయం ఒకటి ఎంచుకున్నాను.

బుల్లెట్ బండి శబ్దం తెలియనివారు మన జిల్లాలో ఉండరు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టి ఈ బండ్లు మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టారు. పోత ఇనుము సిలిండర్ ఉన్న ఆ పాత ఇంజన్ చిన్నచిన్న మార్పులతో యాభై ఏళ్ళకు పైగా వచ్చింది. 2008 తర్వాత కొత్త రకం యుసిఇ ఇంజన్లు వచ్చాక దాని తయారీ ఆగిపోయింది. కేంద్ర ప్రభుత్వం 2021లో చేసిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని ‘వింటేజ్’ అని రిజిస్టర్ చేయించుకోవచ్చు. అయితే అలా రిజిస్టర్ చేయించిన బండిని రోజూ తిప్పకూడదు. మన ఊళ్ళలో పాత బుల్లెట్ మీద పాలక్యాన్లో, బట్టల మూటలో వేసుకుని తిరిగేవారికి ఆ గౌరవం అక్కర్లేదు. బండి నడిస్తే చాలు. ఇంజన్ విప్పాల్సి వస్తే ఒక నెల సంపాదన పోతుంది, విప్పినన్నాళ్ళూ బేరమూ పోతుంది.

ఇంజన్‌లో నూనె పని జారుడు కోసమే అనుకుంటాం గానీ, వేడిని, మురికిని మోసుకెళ్ళడం కూడా దాని పనే. ఆ మురికి మూడు రకాలు. ఒకటి, భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని అరిగిన లోహపు పొడి. రెండు, పెట్రోలు కాలగా వచ్చిన మసి. మూడు, గాలి ద్వారా లోపలికి వెళ్ళిన రోడ్డు దుమ్ము. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు లారీల వెనక బండి నడిపినవారికి ఈ మూడోదాని గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కొలతలు చూద్దాం. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. తిరిగే భాగాల మధ్య నూనె పొర కొన్ని మైక్రాన్లే ఉంటుంది. ఆ పొర కంటే చిన్న రేణువు నూనెతో పాటు జారిపోతుంది. పొరంత ఉన్నదీ, కొంచెం పెద్దదీ మధ్యలో ఇరుక్కుని రెండువైపులా గీస్తుంది. ఆ గీతలో నుంచి మళ్ళీ కొత్త పొడి పుడుతుంది. కంటికి కనిపించే ముక్కల కంటే కనిపించని ధూళే ఇంజన్‌ను ఎక్కువగా తింటుంది.

పాత బుల్లెట్‌లో నూనె ఉండే అర ఇంజన్ కేసులోనే కట్టి ఉంటుంది. పంపులు రెండు. ఒకటి నూనెను ఫిల్టర్ గుండా తోసి, కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉన్న బిగ్ ఎండ్ బేరింగ్‌కు పంపుతుంది. రెండోది కిందికి జారిన నూనెను తోడుతుంది. ఆ నూనె కొంత పైన రాకర్లకు వెళ్తుంది, మిగిలింది తిరిగి అరలో పడుతుంది. ఫిల్టర్ అంటే కుడివైపు టైమింగ్ కవర్ కింది భాగంలో, ఒక మూత వెనక ఉండే ఫెల్ట్ గొట్టం. ఉన్ని గుడ్డ లాంటిది. ఇది కాక అడుగున నట్ల దగ్గర వైరు జాలీలు ఉంటాయి. జాలీ పెద్ద చెత్తను ఆపుతుంది. ఫెల్ట్ దానికంటే సన్నదాన్ని ఆపుతుంది. ఈ మధ్య కాగితం ఫిల్టర్లు కూడా దొరుకుతున్నాయి, అవి ఇంకా సన్నని రేణువులను పడతాయి. బిగ్ ఎండ్‌కు వెళ్ళే నూనె ముందు ఫిల్టర్ దాటి వెళ్ళాలి అన్నది ఇక్కడ ముఖ్యం.

ఇక అయస్కాంతం. భీమిలి తీరంలో నల్ల ఇసుకను అయస్కాంతంతో లాగి ఆడుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. తెల్ల ఇసుక కదలదు, నల్ల రేణువులు కొన్ని మీసాల్లా లేచి నిలబడతాయి. ఇంజన్‌లోనూ అంతే. డ్రెయిన్ నట్టుకు అయస్కాంతం బిగించి ఉంటే, సిలిండర్, రింగులు, పళ్ళచక్రాలు, రోలర్ల నుంచి వచ్చిన ఇనుము, ఉక్కు పొడి దానికి అంటుకుంటుంది. ఫెల్ట్‌లో నుంచి దూరిపోయేంత సన్నని పొడిని కూడా పట్టగలదు. అది మంచిదే.

కానీ పిస్టన్ అల్యూమినియం. బుష్‌లు కంచు జాతివి. ఇవి అంటవు. మసి అంటదు. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక అంటదు, మాంగనీసు దుమ్ము కూడా మామూలు అయస్కాంతానికి పెద్దగా అంటదు. ఇనుమును గీసి పొడి చేసేది ఆ ఇసుకే. దొంగను వదిలేసి, పోయిన సొమ్ము లెక్క చూపినట్టు ఉంటుంది అయస్కాంతం పని. పైగా దాని బలం దూరంతో చాలా త్వరగా పడిపోతుంది. దగ్గరగా, నెమ్మదిగా వెళ్ళే రేణువునే అది లాగగలదు. అందుకే నూనె నిలకడగా ఉండే అడుగు నట్టు దానికి సరైన చోటు.

ఈ తేడా తెలియక ఒక చీరల వ్యాపారి నష్టపోవడం షెడ్డులో చూశాను. ‘మాగ్నెట్ ఫిల్టర్ పెడితే పాత ఫిల్టర్‌తో పనిలేదు, నూనె కూడా మార్చక్కర్లేదు’ అని ఎవరో అమ్మితే ఆయన కొని పెట్టించుకున్నాడు. ఫెల్ట్ తీసేశారు. కొన్ని నెలలకు ఇంజన్ కింద టకటక మొదలైంది. నూనె దింపగానే మా మేస్త్రి, “ఇదేటిరా, ఎండి పొడినాగుంది!” అన్నాడు. ఆ మెరుపు అల్యూమినియం. అయస్కాంతం దగ్గరకు తెస్తే కదల్లేదు. బిగ్ ఎండ్ పోయింది, పిస్టన్ గీతలు పడింది. సరిగ్గా దసరా, సిరిమానోత్సవం బేరాల రోజుల్లో ఆయన సైకిల్ మీద మూటలు మోశాడు. ఆ అమ్మినవాడికి అయస్కాంతం గురించి బడి పాఠం తెలియదో, తెలిసే చెప్పలేదో నాకు తెలియదు.

పాత బండ్లన్నీ ఒకేలా ఉండవు. రాజ్‌దూత్, జావా, యెజ్డీల్లో ఇంజన్ నూనె పెట్రోలులో కలిపి పోసేదే. అది కాలిపోతుంది కాబట్టి వడగట్టే ప్రశ్న లేదు. కానీ వాటి గేరుబాక్సు నూనెకు ఫిల్టర్ ఉండదు, అందులో అరిగేది ఎక్కువగా ఉక్కు పళ్ళు. నా ఉద్దేశంలో అయస్కాంతం నట్టుకు అన్నిటికంటే మంచి చోటు అదే. 1985లో వచ్చిన హీరో హోండా సిడి 100, ఆ తర్వాతి స్ప్లెండర్లలో మరో పద్ధతి. క్రాంక్ చివర ఒక చిన్న గిన్నె గిర్రున తిరుగుతుంది. బరువైన మురికి అపకేంద్ర బలానికి దాని గోడకు కొట్టుకుని గట్టిపడుతుంది. ఇనుమా, ఇసుకా అని అది చూడదు, బరువే చూస్తుంది. దాన్ని శుభ్రం చేయాలంటే క్లచ్ కవర్ విప్పాలి. అందుకే చాలాచోట్ల ఎవరూ విప్పరు.

దింపిన నూనెను పరీక్షించడం మీరే చేయవచ్చు. తెల్లటి ప్లేటులో కొంచెం నూనె పోయండి. అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి అందులో తిప్పండి. పైకి తీసి వేరే కాగితం మీద పెట్టి, కవరులో నుంచి అయస్కాంతాన్ని లాగేస్తే పొడి కాగితం మీద ఉండిపోతుంది. బూడిదరంగు మెత్తని పేస్టు అయితే మామూలు అరుగుదల. గుచ్చుకునే సన్న పలుకులు, ముక్కలు ఉంటే చక్రమో రోలరో విరుగుతోందని అర్థం, బండి ఆపి విప్పించాలి. ప్లేటులో ఇంకా మెరుపు మిగిలితే అది అల్యూమినియమో కంచో. వాడిన నూనె చర్మానికి మంచిది కాదు, చేతికి కవరు వేసుకోండి. కాలువలో మాత్రం పారబోయకండి.

పాత స్పీకరు అయస్కాంతం ముక్క ఇంజన్‌లో వేయవచ్చా అని షెడ్డులో పిల్లలు అడుగుతుంటారు. వేయకూడదు. అది ఫెర్రైట్, పింగాణీలా పెళుసు. విరిగితే ఆ ముక్కలే పళ్ళ మధ్య పడతాయి. బలమైన నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, మన ఎండల్లో బుల్లెట్ నూనె అంతకంటే వేడెక్కగలదు. నట్టులోనే గట్టిగా బిగించి, వేడికి తట్టుకునే రకంతో చేసినదే కొనాలి.

చివరిగా ఫెల్ట్ మార్చేవారికి ఒక మాట. మూత తీసినప్పుడు ఫిల్టర్ గది ఖాళీ అవుతుంది. అది మళ్ళీ నిండేదాకా బిగ్ ఎండ్‌కు నూనె సరిగా అందదు. కాబట్టి స్టార్ట్ చేసిన వెంటనే ఎక్సలేటర్ తిప్పి శబ్దం వినే సరదా మానుకుని, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వండి. తర్వాత ఇంజన్ ఆపి, నూనె మట్టం చూసి, తగ్గినంత పోయండి.

- ఎం.ఎస్సీ (ఫిజిక్స్), హాస్టల్ పూర్వ విద్యార్థి